భోజ్‌పూర్ కొలిమి

నేపాల్ అనగానే మనకు మొదట స్ఫురించేది ఎవరెస్టు శిఖరం. ఆ తరువాత పశుపతినాథుని ఆలయం. ఈ రెండింటి సరసన చెప్పుకోదగిన మూడవది ఒకటున్నది. అది మూరెడు పొడవైన వంపు కత్తి. మనం ఖుక్రీ అంటాము, అక్కడివారు ఖుకురి అంటారు. మన సైన్యంలోని ఏడు గూర్ఖా రెజిమెంట్ల చిహ్నాలలోనూ ఈ కత్తి కనిపిస్తుంది. అందువల్ల అది కేవలం యుద్ధాయుధమని మనలో చాలామంది అభిప్రాయం. నిజానికి తూర్పు నేపాల్ కొండపల్లెలలో ఖుకురి లేని ఇల్లు అరుదు. కట్టెలు కొట్టడానికి, వెదురు చీల్చడానికి, పశువులకు మేత తరగడానికి, పండుగనాడు మాంసం కోయడానికి అదే సాధనం. గొడ్డలి, కొడవలి, వంటింటి కత్తి అనే మూడు పనిముట్లు ఒకే ఉక్కు ముక్కలో ఇమిడిపోయినవి అంటే అతిశయోక్తి కాదు.

ఆ కత్తికి పుట్టిల్లని పేరు పొందిన ఊళ్ళలో భోజ్‌పూర్ ముఖ్యమైనది. 2022 డిసెంబరులో అరుణ్ నదీ లోయలో ఉద్యోగరీత్యా కొంతకాలం ఉండవలసి వచ్చినప్పుడు, సెలవు దినాలలో ఆ ఊరు చూసే అవకాశం నాకు లభించింది. ముప్పై సంవత్సరాలుగా ఉక్కుతో, యంత్రాలతో సహవాసం చేస్తున్నవాడిని కనుక అక్కడ నేను చూసిన విషయాలను సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలని ఈ ప్రయత్నం.

అరుణ్ లోయకు దారి

బీహారులోని జోగ్‌బనీ రైల్వే స్టేషను మన దేశపు సరిహద్దు. అక్కడ గేటు దాటితే నేపాల్‌లోని విరాట్‌నగర్. అక్కడి నుండి ఇటహరీ మీదుగా ధరాన్ వరకు నేల చదునుగా, పచ్చగా, మన గోదావరి డెల్టాను తలపిస్తూ ఉంటుంది. ధరాన్ దాటగానే కొండలు గోడలా లేచి నిలబడతాయి. ఈ ధరాన్‌లో ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం గూర్ఖాలను చేర్చుకునే శిబిరం ఉండేది. ఆ ఆవరణలోనే మన దేశ సహకారంతో 1993లో బి. పి. కొయిరాలా ఆరోగ్య విజ్ఞాన సంస్థ ఏర్పడింది. శిబిరం పోయినా, సైనికుల కోసం వెలసిన ఖుకురి దుకాణాలు మాత్రం ఆ ఊరి బజారులో నిలిచిపోయినవి.

ధరాన్ నుండి భేడేటార్ కనుమ ఎక్కి, తమోర్ నది దాటి, ధన్‌కుటా, హిలే పట్టణాల మీదుగా దారి సాగుతుంది. హిలేలో చలి ఎముకలను తాకుతుంది. అక్కడి నుండి మలుపులు మలుపులుగా లేగువాఘాట్ వద్ద అరుణ్ నదికి దిగేసరికి స్వెట్టరు విప్పి చేత పట్టుకోవలసి వస్తుంది. ఒక్క పూటలో శీతాకాలం నుండి వేసవికి వచ్చినట్లుంటుంది.

అరుణ్ సామాన్యమైన నది కాదు. టిబెట్టులో పుట్టి, హిమాలయాలను అడ్డంగా కోసుకుని దక్షిణానికి వస్తుంది. పర్వతాలు పైకి లేవకముందే ఆ నది అక్కడ ఉన్నదని, కొండ లేచిన కొద్దీ నది తన పడకను కోసుకుంటూ వచ్చినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కాలం పట్టినా సరే, నీరు ఎంతటి రాతినైనా కోస్తుంది అనడానికి ఇంతకంటే నిదర్శనం ఏముంటుంది? దిగువన అరుణ్, సున్‌కోశీ, తమోర్ నదులు త్రివేణి వద్ద కలిసి సప్తకోశీ అవుతాయి. అదే మన బీహారులోని కోసీ. ఈ అరుణ్ మీదనే 900 మెగావాట్ల అరుణ్-3 జలవిద్యుత్ కేంద్రానికి 2018 మే నెలలో ఉభయ దేశాల ప్రధానులు శంకుస్థాపన చేశారు.

లేగువాఘాట్ వద్ద వంతెన దాటి, అవతలి కొండ ఎక్కితే భోజ్‌పూర్. దాని పక్కనే టక్సార్ అనే పాత పల్లె ఉన్నది. టక్సార్ అంటే టంకశాల. పూర్వం అక్కడ రాగి నాణేలు ముద్రించేవారు. నాణేల కాలం గతించినా, కంచు ఇత్తడి పాత్రలు పోతపోసే నేవార్ కుటుంబాలు ఆ విద్యను విడిచిపెట్టలేదు. లోహంతో పని చేయడం ఆ కొండకు వంశపారంపర్యంగా సంక్రమించిన విద్య.

కొలిమిలో ఒక పగలు

నేను దిగిన వసతిగృహం యజమాని ఒక కమ్మరి పనివానిని పరిచయం చేశాడు. వయస్సు అరవై దాటి ఉంటుంది. నేపాలీలో అన్నను ‘దాయి’ అంటారు. నేనూ ఆయనను అలాగే పిలిచాను. ఆయన నన్ను ‘ఇంజనీర్ సాబ్’ అనేవాడు. ఆయనకు వచ్చిన హిందీ, నాకు వచ్చిన హిందీ దాదాపు సమానం కావడంతో సంభాషణకు ఇబ్బంది కలగలేదు.

అక్కడ కొలిమిని ‘ఆరన్’ అంటారు. రెండు వైపుల గోడలు, పైన రేకు, నేలలో గుంట, బొగ్గులు. మేకతోలు తిత్తుల స్థానంలో చేతితో తిప్పే ఇనుప పంకా వచ్చింది. దాగలి, సమ్మెట, పట్టకారు, ఆకురాయి అన్నీ మన ఊరి కమ్మరి సాలలో ఉన్నటువంటివే. పేర్లు మాత్రమే వేరు.

ఉక్కు ఎక్కడిదని అడిగితే మూలన ఉన్న కట్టను చూపాడు. అవి లారీల కమాను పట్టీలు. వేల మైళ్ళు బరువు మోసి, పనికిరావని తీసివేసిన స్ప్రింగు ఉక్కు. అందులో సుమారు 0.6 శాతం కర్బనం, దానికి తోడు కొద్దిగా సిలికాన్ లేదా క్రోమియం ఉంటాయి. గట్టిపడగలదు, అయినా పెళుసుగా విరిగిపోదు. దెబ్బకు నిలవవలసిన కత్తికి అంతకంటే అనువైన ఉక్కు చౌకలో దొరకదు. ఈ సంగతి ఆయనకు ఏ పట్టికా చూడకుండానే తెలుసు. ‘బండి విరగనివ్వని ఇనుము చెయ్యి విరగనిస్తుందా?’ అన్నాడు.

పట్టీని ముక్క కోసి, ఎర్రగా కాల్చి, ఇద్దరు సమ్మెటతో కొడుతుండగా వంపు తీర్చాడు. వీపు దాదాపు సెంటీమీటరు మందం. అంచు వైపు పలుచన. పిడికి దగ్గర అంచు మీద ఒక చిన్న గాటు పెడతారు. దానిని ‘కౌడీ’ అంటారు. అది ఆవు గిట్ట గుర్తు అని కొందరు, శివుని త్రిశూలమని కొందరు, రక్తం పిడి మీదకు పారకుండా అడ్డుకుంటుందని మరికొందరు చెబుతారు. మా దాయి మాత్రం, ‘ఇక్కడితో పదును ఆగిపోయిందని చెప్పడానికి’ అన్నాడు. ఇంజనీరుగా నాకు ఆ సమాధానమే నచ్చింది.

అసలు విద్య ఆ తరువాత ఉన్నది. మన కర్మాగారాలలో ఒక భాగాన్ని గట్టిపరచాలంటే కొలిమి ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు, నూనె తొట్టెలు, గడియారాలు కావాలి. ఆయనకు కావలసింది ఒక టీ కెటిల్ మాత్రమే. సాయంత్రం వెలుగు తగ్గేదాకా ఆగాడు. ఎర్రదనం చీకటిలోనే సరిగా తెలుస్తుందట. కత్తి నారింజ రంగుకు రాగానే బయటకు తీసి, అంచు పైకి ఉండేలా పట్టుకుని, కెటిల్ కొమ్ము నుండి సన్నని ధారగా నీటిని అంచు వెంబడి మాత్రమే పోశాడు. ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు. బుస్సుమని ఆవిరి లేచింది. అంచు నల్లబడింది, వీపు ఇంకా ఎర్రగానే ఉన్నది. నీరు ఆపి ఊరుకున్నాడు. వీపులో మిగిలిన వేడి నెమ్మదిగా అంచు వైపు పాకింది. ఒక చోట ఆకురాయితో గీసి మెరుపు తెప్పించి చూస్తూ ఉన్నాడు. అక్కడ లేత గడ్డి రంగు కనిపించగానే మరికొంచెం నీరు పోసి ఆ వేడిని ఆపివేశాడు.

మన పాఠ్యపుస్తకాల భాషలో చెప్పాలంటే, అంచు వేగంగా చల్లారి మార్టెన్‌సైట్ అయింది. వీపు నిదానంగా చల్లారి మెత్తగా, సాగే గుణంతో మిగిలింది. వీపులోని వేడి అంచులోని పెళుసుదనాన్ని తగ్గించింది. లేత గడ్డి రంగు అంటే సుమారు 220 నుండి 230 డిగ్రీల సెంటీగ్రేడు. గట్టిపరచడం, పదును నిలపడం రెండూ ఒకే వేడిలో, రెండు మూడు నిమిషాలలో ముగిశాయి. తరువాత ఆకురాయి నా చేతికిచ్చి పరీక్షించమన్నాడు. వీపు మీద ఆకురాయి కరిచింది. అంచు మీద గాజు మీద జారినట్లు జారింది.

కొట్టడంలో కిటుకు

మరునాడు ఉదయం పెరట్లో ఆ కత్తిని వాడే పద్ధతి చూపించాడు. ముందుగా ఒర నుండి తీయడం. ఒరను పట్టుకున్న చేతివేళ్ళు అంచు వైపునకు చుట్టుకోకూడదు. వీపు వైపు, పక్కల మీద మాత్రమే ఉండాలి. ఎందుకంటే పదునైన కత్తి తీసేటప్పుడు చెక్కనూ తోలునూ కోసి వేళ్ళను అందుకోగలదు. కత్తి వీపును ఒరకు ఆనించి లాగాలి. ఇంటిలో ఖుకురిని అలంకారంగా గోడకు తగిలించుకున్న మిత్రులు దీనిని గుర్తుంచుకోవాలి.

కొమ్మ నరికేటప్పుడు కాళ్ళు ఎడంగా పెట్టి, దెబ్బ తప్పినా కత్తి కాలి వైపు రాకుండా నిలబడాలి. కొమ్మకు అడ్డంగా, నిటారుగా కొడితే కత్తి గుచ్చుకుని ఇరుక్కుంటుంది. నలభై అయిదు డిగ్రీల వాలుగా ఒక దెబ్బ, ఎదురు వాలుగా మరొక దెబ్బ వేస్తే చీలిక ముక్కగా ఎగిరిపోతుంది. ఆ గాటు వెడల్పు కొమ్మ లావుకు సమానంగా ఉండాలి. ఇరుకుగా మొదలుపెట్టినవాడు లోపలికి వెళ్ళేసరికి దారి లేక రెట్టింపు శ్రమ పడతాడు. కత్తి ఇరుక్కుంటే పక్కకు మెలిపెట్టకూడదు. వచ్చిన దారినే వెనక్కు తీయాలి.

పిడిని గట్టిగా బిగించి పట్టరాదు. పిడి నడుమ ఉండే కణుపు మధ్యవేలికి, ఉంగరపు వేలికి నడుమ కూర్చుంటుంది. కత్తిని వదులుగా పైకెత్తి, దిగే వేళ చివరి రెండు వేళ్ళను మూయాలి. అప్పుడు కొరడా కొసలా ముందు భాగానికి వేగం వస్తుంది. శక్తి బరువుతో పాటు పెరిగితే, వేగానికి వర్గంగా పెరుగుతుందని మనం చదువుకున్నాము. అందువల్లనే అరకిలో చిల్లర బరువున్న కత్తి పెద్ద గొడ్డలి చేసే పనిలో సగానికి పైగా చేస్తుంది. ముందుకు వంగిన ఆకారం వల్ల బరువు కొస వైపు చేరుతుంది. అంచు వాలుగా తగిలి, నరకడంతో పాటు కోస్తుంది కూడా. కడుపు భాగంలో ఒకచోట తగిలిన దెబ్బకు చేతికి అదురు తెలియదు. దానిని మనం ఆఘాత కేంద్రం అంటాము. ఆయన అలవాటుగా ఆ చోటునే బొటనవేలితో చూపించాడు.

వంటింటి సంగతి వేరు. మాంసం కొట్టడానికి ‘అచానో’ అనే మొద్దు ఉంటుంది. దాని మీద కత్తిని ఎత్తి వేయరు. మణికట్టుతో జానెడు ఎత్తు నుండి వదులుతారు, బరువే పని చేస్తుంది. కూరగాయలకు మాత్రం ‘చులేసీ’ వాడతారు. అది చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. అచ్చంగా మన కత్తిపీటే. కాలితో తొక్కిపట్టి, కూరగాయనే కత్తి మీదకు తోస్తారు. శ్రీకాకుళం నుండి భోజ్‌పూర్ దాకా ఆడవారు ఒకే భంగిమలో కూర్చుని వంకాయ తరుగుతున్నారన్నమాట.

కొత్త నమూనాలు

ఖుకురిలో జాతులు అనేకం. సిరు గడ్డి ఆకులా సన్నగా ఉండేది సిరుపాతే. కడుపు వెడల్పుగా, బరువుగా ఉండేది భోజ్‌పూరే. పక్క జిల్లాలోని చైన్‌పూర్ పేరుతో చైన్‌పూరే. ప్రతి ఒరలోనూ వెనుక రెండు చిన్న కత్తులు ఉంటాయి. చిన్న పనులకు పదునైన కర్దా. నిప్పు రాజేయడానికి, అంచును సవరించడానికి మొద్దుగా ఉండే చక్మక్.

దాయి కొలిమిలో ఇటీవల కొత్త రకాలు తయారవుతున్నవి. పర్వతారోహకులు అడుగుతున్నారని పిడి చివరి దాకా ఉక్కు సాగి, రెండు పక్కలా చెక్క బిగించిన ‘పానావల్’ రకం. నగరాల వంటిళ్ళ కోసం ఆరు అంగుళాల చిన్న ఖుకురి. పదవీ విరమణ చేసే సైనికులకు పేరు చెక్కిన కత్తి. బంధువు ఒకడు ఫోనులో బొమ్మలు పంపితే, వీరు కొలతలు తీసుకుని చేసి పంపుతారు.

నేను కూడా ఒకటి చేయించుకున్నాను. ‘దేనికి?’ అన్నది ఆయన మొదటి ప్రశ్న. కొబ్బరిబొండాలు కొట్టడానికని చెప్పాను. పచ్చి బొండం ఆయన కొట్టి ఎరుగడు. పీచు ఎంత మందం, టెంక ఎంత గట్టి, కత్తి ఏ వాలుగా దిగాలి అని వరుసగా అడిగాడు. తడి పీచు కత్తిని పట్టేస్తుందని చెప్పగానే, కాసేపు ఆలోచించి, వంపు తగ్గించి, పక్కలను పలుచన చేసి, కడుపు కొంచెం వెడల్పు చేశాడు. కోనసీమ చూడని మనిషి కోనసీమ కత్తిని ప్రశ్నలతోనే పట్టుకున్నాడు. వాడుకదారుని అవసరాన్ని ముందు తెలుసుకుని తరువాత నమూనా గీయాలని మనం శిక్షణా తరగతులలో చెప్పుకునే సూత్రం ఇదే కదా!

చేతికి తగని గౌరవం

ఇక చెప్పక తప్పని సంగతి. ఆ రోజు సాయంత్రం టీ తాగుదామని దుకాణానికి వెళ్ళాము. నేను లోపల బల్ల మీద కూర్చున్నాను. దాయి గుమ్మం బయటే నిలబడి గ్లాసు అందుకున్నాడు. దుకాణం నడిపే యువకుడు, ‘లోపలికి రా దాయి, ఇప్పుడు ఆ రోజులు లేవు’ అని రెండుసార్లు పిలిచాడు. ఆయన నవ్వి, గాలి బాగుందని అక్కడే ఉండిపోయాడు. చలికి నా చేతులు వణుకుతున్నవి.

నేపాల్‌లో కమ్మరి వారి ఇంటి పేరు విశ్వకర్మ. 1854 నాటి ములుకీ ఐన్ అనే శాసనం వారిని అంటరానివారిగా నిర్ణయించింది. 1963 నాటి కొత్త శాసనం ఆ వివక్షకు చట్టబద్ధత తొలగించింది. 2011లో ప్రత్యేక చట్టం ద్వారా అది శిక్షార్హమైన నేరమయింది. చట్టం మారినంత త్వరగా కాళ్ళ అలవాటు మారదు. మన పల్లెలలో కళ్ళం దగ్గర చేతివృత్తులవారికి మేర కొలిచినట్లే, అక్కడ ‘బాలీ ఘరే’ అనే పద్ధతిలో సంవత్సరానికొకసారి ధాన్యం ఇచ్చేవారు. దసైన్ పండుగకు ఇంటింటి కత్తికి పదును పెట్టి తెచ్చి ఇచ్చేది ఈయన పూర్వులే. ఆ కత్తిని ఇంటివారు పూజలో ఉంచేవారు. తెచ్చినవానిని వాకిలి దాటనిచ్చేవారు కారు. కత్తికి దొరికిన చోటు కత్తి చేసిన చేతికి దొరకలేదు.

ఆయన పెద్ద కుమారుడు మలేషియాలో ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. కుమార్తె ధరాన్‌లో డిప్లొమా చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నది. మార్టెన్‌సైట్ గురించి నేను చెప్పినదంతా ఆమె నేపాలీలో తండ్రికి వివరించింది. ఆయన శ్రద్ధగా విని, ‘ఇంతకాలం నా నీళ్ళకు పేరుందని తెలియదు’ అన్నాడు. మీ తరువాత ఈ కొలిమి ఎవరు నడుపుతారని అడిగాను. వెంటనే సమాధానం రాలేదు. బొగ్గులు సర్ది చెప్పాడు: ‘పని పోకూడదు సాబ్. కానీ ఈ పనితో పాటు మాకంటిన పేరు పిల్లలకు వద్దు. రెండూ ఒకే ఒరలో పెట్టి ఇచ్చారు మాకు.’

కుమార్తె మాత్రం, చదువు ముగిశాక కరెంటు సమ్మెట పెట్టి, కత్తి మీద తండ్రి పేరు, ఊరి పేరు ముద్రించి అమ్ముతానన్నది. టోకు వర్తకులకు పేరు లేకుండా ఇచ్చిన కత్తి ఎవరిదో కొన్నవానికి తెలియదు. పేరుంటే వెతుక్కుంటూ వస్తారని ఆమె లెక్క. తండ్రి ఔననలేదు, కాదనలేదు. నా బొండాల కత్తి మీద మొదటి ముద్ర ఆమే ఉలితో చెక్కింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చినవి.

మన సంస్థలలో ఏటా సెప్టెంబరులో విశ్వకర్మ పూజ, దసరాలలో ఆయుధపూజ చేస్తాము. లేతు యంత్రానికి, క్రేనుకు, స్పానరుకు కూడా కుంకుమ పెడతాము. ఆనాడు ఆ పనిముట్లను నడిపే కాంట్రాక్టు కార్మికుడు, ఊడ్చే మనిషి, వంటశాలలో కూరలు తరిగే తల్లి మనతో పాటు అదే వరుసలో కూర్చుని ప్రసాదం తింటున్నారా అన్నది మనం ఒకసారి చుట్టూ చూసుకుంటే తెలుస్తుంది. భోజ్‌పూర్ వెళ్ళదలచిన మిత్రులకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు అనుకూలమైన కాలం. వర్షాకాలంలో కొండదారులు తరచుగా విరుగుతాయి. కత్తి కొంటే విమానంలో చేతిసంచిలో పెట్టుకోరాదు. ఆవనూనె పలుచగా రాసి ఉంచితే తుప్పు పట్టదు. కొనేటప్పుడు ధరతో పాటు చేసినవారి పేరు కూడా అడగండి.